టైగర్ గుర్రుమనడం మానేసింది

(ఆదివారం ఉదయం ఫోన్-ఇన్. స్టూడియోలో ఒక పశువైద్యుడు.)

యాంకర్: హన్మకొండ నుంచి ఫోన్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం డాక్టర్‌గారూ. మాది జర్మన్ షెపర్డ్, పేరు టైగర్, పదకొండు నెలలు. గిన్నె దగ్గరకు ఎవరైనా వస్తే గుర్రుమనేది. ట్రైనర్‌ను పెట్టాం, మూడు వారాల్లో మాన్పించాడు. నిన్న మా ఆడపడుచు కొడుకు గిన్నె పక్కన పడిన బంతి తీసుకోబోతే, చడీచప్పుడు లేకుండా చెయ్యి పట్టేసింది.

డాక్టర్: పళ్ళు దిగాయా?

కాలర్: గీసుకుందండీ. కొంచెం రక్తం వచ్చింది. పసుపు పెట్టాం.

డాక్టర్: పసుపు వద్దమ్మా. సబ్బు రాసి, కుళాయి కింద 15 నిమిషాలు కడగండి. టైగర్‌కు టీకాలు వేయించి ఉన్నా సరే, బాబును ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. సరే, ఆయన ఎలా మాన్పించాడు?

కాలర్: మెడకు ముళ్ల గొలుసు వేశాడు. ముళ్ళు లోపలి వైపు ఉంటాయి. గుర్రుమన్నప్పుడల్లా ఒక్క గుంజు గుంజేవాడు. ఇప్పుడు ఆయన బండి చప్పుడు వింటే చాలు, మంచం కిందకు దూరి అక్కడే ఉచ్చ పోసేస్తోంది. భయభక్తులు వచ్చాయన్నాడు.

డాక్టర్: భయం వచ్చింది, భక్తి రాలేదు. గుర్రుమనడం కుక్క కొట్టే హారన్. ఆయన హారన్ వైరు తెంపేసి, బండి బాగైందన్నాడు. తిండి లాక్కుంటారేమోనన్న బెంగ లోపల అలాగే ఉంది. ఆ గొలుసు ఇప్పుడే తీసేయండి. గొంతు కింద వెంట్రుకలు పాయలు తీసి, ఎర్రటి చుక్కలు ఉన్నాయేమో చూడండి. నడకకు ఛాతీ మీదుగా కట్టే హార్నెస్ చాలు. అన్నం విడిగా ఒక గదిలో, తలుపు వేసి. పిల్లలు అటు పోకూడదు. రెండు రోజులయ్యాక మీరు దూరం నుంచి నడిచి వెళ్తూ, గిన్నె వైపు ఒక చికెన్ ముక్క విసిరి ఆగకుండా వెళ్ళిపోండి. మనిషి వస్తే గిన్నె నిండుతుందే తప్ప పోదని దానికి తెలియాలి. ఒంట్లో నొప్పి ఏదైనా ఉందేమో మీ డాక్టర్‌తో ఒకసారి చూపించండి.

యాంకర్: తెనాలి నుంచి పెద్దాయన ఒకరు.

కాలర్: బాబూ, దెబ్బకు దెయ్యం జడుస్తుందంటారు. గుంపులో నాయకుడెవరో దానికి తెలియొద్దూ?

డాక్టర్: జడిసిన దెయ్యం ఏం నేర్చుకుందండీ? ఆ నాయకుడి కథకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బంధించి ఉంచిన తోడేళ్ళ మీద రాసింది. వాటిని అడవిలో ఏళ్ళ తరబడి చూసిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త 1999లో, గుంపంటే అమ్మా నాన్నా పిల్లలే అని రాశాడు. కొట్లాడి గెలిచిన నాయకుడు లేడు.

కాలర్: అయితే మా ఇంట్లో నాయకుడు మా ఆవిడే అనుకోవాలి.

యాంకర్: (నవ్వు) కూకట్‌పల్లి లైన్.

కాలర్: సార్, నేను ట్రైనర్‌ని. అందరూ మమ్మల్నే అంటారు. కస్టమర్ పది రోజుల్లో కుక్క సెట్ అవ్వాలంటాడు. కరిచే కుక్కకు ముళ్ల గొలుసు తప్పదు సార్.

డాక్టర్: టైగర్ సంగతి ఇప్పుడే విన్నారుగా. అమెరికాలో జంతువుల ప్రవర్తన చూసే పశువైద్యుల సంఘం 2021లో, కరిచే కుక్కకైనా బహుమతితోనే నేర్పాలంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో షాక్ కాలర్, అంటే కుక్క మెడకు కరెంటు షాక్ కొట్టే పట్టీ, వాడటం 2010 నుంచే నిషేధం. మన 1960 జంతు హింస నివారణ చట్టంలో జంతువును కొట్టి హింసిస్తే మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మిర్చి బజ్జీల ప్లేటు ఖరీదు! కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళకు 2017లో, పెట్ షాపులకు 2018లో రూల్స్ వచ్చాయి. అవి ట్రైనర్ల కోసం రాసినవి కావు. మీ పనికి హద్దు గీయాల్సింది మీరూ, మీ కస్టమరే. మాట వింటే ఏమిస్తావు, వినకపోతే ఏం చేస్తావు, పక్కన నిలబడి చూడొచ్చా? ఈ మూడూ ఎవరైనా అడుగుతారా?

కాలర్: ఎవరూ అడగరు సార్. ఫీజు ఎంతని అడుగుతారు.

డాక్టర్: అడక్కముందే మీరే కాగితం మీద రాసివ్వండి. మీ బ్యాగులో ముళ్ల గొలుసులు ఎన్ని ఉన్నాయి?

కాలర్: రెండు.

డాక్టర్: ఈ వారం వాటిని ఇంట్లో పెట్టి వెళ్ళండి. కోడి లివర్ ఉడకబెట్టి, శనగ గింజంత ముక్కలు జేబులో వేసుకోండి. వచ్చే ఆదివారం ఫోన్ చేయండి.

కాలర్: జేబు కంపు కొడుతుంది సార్.

డాక్టర్: కొడుతుంది. కావాలంటే మా యాంకర్‌గారిని అడగండి, నా పక్కనే కూర్చున్నారు.