పిచర్ గెలుపు శాతం: పోల్చే ముందు జట్టును పక్కకు తీయండి

నమస్కారం. బేస్‌బాల్‌లో ఒక స్టార్టింగ్ పిచర్ (మ్యాచ్ మొదటి నుంచి బంతి విసిరేవాడు, అంటే స్టార్టర్) కెరీర్ గెలుపు శాతాన్ని అతని కాలపు పిచర్లతో ఎలా పోల్చాలో ఈ వీడియోలో లెక్కవేసి చూద్దాం. మనం తీసుకునే పిచర్ ఫెలిక్స్ హెర్నాండెజ్. 2005 నుంచి 2019 దాకా ఒక్క సియాటిల్ మారినర్స్‌కే ఆడాడు కాబట్టి లెక్కలో చిక్కులు తక్కువ.

ముందు రూల్. క్రికెట్‌లో గెలుపు బౌలర్ ఖాతాలో పడదు, ఇక్కడ పడుతుంది. మామూలుగా ఒక్కో జట్టుకు 9 ఇన్నింగ్స్ ఉంటాయి. స్టార్టర్ వాటిలో కనీసం 5 ఇన్నింగ్స్ వేసి, జట్టు ఆధిక్యంలో ఉండగా తప్పుకోవాలి. ఆ ఆధిక్యం చివరిదాకా నిలవాలి. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని పోగొడితే అతనికి గెలుపూ లేదు, ఓటమీ లేదు. హెర్నాండెజ్ 418 మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడు, అతని ఖాతాలో గెలుపుగానో ఓటమిగానో తేలినవి, అంటే డెసిషన్లు, 305 మాత్రమే: 169 గెలుపులు, 136 ఓటములు. భాగించాల్సింది 305తో. వచ్చేది 0.554.

ఇప్పుడు స్ప్రెడ్‌షీట్ తెరవండి. మొదటిదైన A కాలమ్‌లో సంవత్సరం, బీలో గెలుపులు, సీలో ఓటములు. రెండూ కలిపి ‘14-7’ అని ఒకే సెల్‌లో పేస్ట్ చేయొద్దు, షీట్ దాన్ని జూలై 14గా మార్చేస్తుంది.

ఇంకో పెద్ద తప్పు, ఏడాదివారీ శాతాలకు సగటు తీయడం. హెర్నాండెజ్‌కు అలా చేస్తే 0.534 వస్తుంది, అసలు కంటే 20 పాయింట్లు, అంటే 0.020 తక్కువ. ఎందుకంటే 2019లో 1-8, అంటే తొమ్మిదే డెసిషన్లు. 2015లో 18-9, అంటే ఇరవై ఏడు. సగటులో రెండింటికీ ఒకే బరువు పడుతుంది. అందుకే ముందు గెలుపులన్నీ కూడండి, ఓటములన్నీ కూడండి, ఆ తర్వాతే భాగించండి.

సమకాలీనుల్ని ఎంచుకునేటప్పుడు 300 డెసిషన్లు దాటినవాళ్లనే తీసుకుందాం. రాయ్ హాలడే 203-105, టిమ్ హడ్సన్ 222-133, సీసీ సబాతియా 251-161, మార్క్ బర్లీ 214-160, బ్యారీ జీటో 165-143. శాతాలు వరుసగా 0.659, 0.625, 0.609, 0.572, 0.536. ఆరుగురిలో హెర్నాండెజ్‌ది ఐదో స్థానం. మరి ఈఆర్ఏ చూడండి, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ తన బాధ్యతగా ఇచ్చిన పరుగుల సగటు, తక్కువైతే మేలు. అతనిది 3.42, హాలడేది 3.38, మిగతా అందరిదీ అంతకంటే ఎక్కువే. సియాటిల్ మైదానం పిచర్లకు అనుకూలమన్న మాట నిజమే, కానీ గెలుపు శాతంలో ఐదో స్థానానికి, ఈఆర్ఏలో రెండో స్థానానికి మధ్య తేడా అంతా మైదానం వల్ల వచ్చింది కాదు. జట్టు బ్యాటింగ్ వల్ల కూడా వచ్చింది. 2010లో మారినర్స్ 162 మ్యాచ్‌ల్లో చేసిన పరుగులు 513. ఆ ఏడాది హెర్నాండెజ్ ఈఆర్ఏ 2.27, లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డూ అతనికే వచ్చింది. రికార్డు మాత్రం 13-12.

కాబట్టి జట్టును తీసేసి చూడాలి. అదే 2010 తీసుకోండి. మారినర్స్ 61-101. అందులోంచి అతని 13, 12 తీసేస్తే మిగిలేది 48-89, అంటే 0.350. అదే శాతం అతని 25 డెసిషన్లకు వేస్తే 8.8 గెలుపులు. వచ్చినవి 13, అంటే 4.2 అదనం. ఈ అదనాన్ని డీ కాలమ్‌లో పెట్టండి. 2009లో 19-5తో అది 7.5. 2019లో మాత్రం మైనస్ 2.9. చివరి ఏళ్లలో భుజం బలం, బంతి వేగం రెండూ తగ్గిన సంగతి అక్కడ దాగదు, దాచకూడదు కూడా.

పదిహేనేళ్లూ ఇలాగే చేసి డీ కాలమ్ కూడితే దాదాపు 30. అంటే అతను లేని మారినర్స్ స్థాయిలో ఆడేవాడికి 139 గెలుపులు వచ్చేచోట, హెర్నాండెజ్ 169 తెచ్చాడు. నా దృష్టిలో అతని కెరీర్ గురించి 0.554 కంటే ఈ 30 చాలా ఎక్కువ చెబుతుంది.

మిగతా ఐదుగురికీ ఇదే పని చేశాకే వరుస పెట్టండి. ఒక్కచోట జాగ్రత్త. సీజన్ మధ్యలో జట్టు మారితే ఆ ఏడాదికి రెండు వరుసలు కావాలి. 2008లో సబాతియా క్లీవ్‌లాండ్‌కు 6-8, మిల్వాకీకి 11-2. మొత్తం 17-10ని ఒక్క జట్టు రికార్డులోంచి తీసేస్తే లెక్క తప్పుతుంది. 6-8ని క్లీవ్‌లాండ్ రికార్డులోంచి, 11-2ని మిల్వాకీ రికార్డులోంచి విడివిడిగా తీసి, రెండు అదనాలనూ ఆ తర్వాత కూడండి.