ఆర్గానిక్ కొనాలా అని అడిగే తల్లులకు
(దేవరకొండలో పోషణ మాసం సభలో ఒక పిల్లల డాక్టరు ప్రసంగం)

అందరికీ నమస్కారం. తల్లులు, అంగన్‌వాడీ టీచర్లు, వెనక వరుసలో నాయనమ్మలు, అమ్మమ్మలు, తలుపు దగ్గర నిలబడ్డ నలుగురైదుగురు రైతులు కూడా కనిపిస్తున్నారు. ఈ మాటలు మీ అందరికీ పనికొస్తాయి, లోపలికి వచ్చి కూర్చోండి.

టీకాలకు వచ్చే తల్లులు ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. "మేడమ్, బిడ్డకు ఆరు నెలలు నిండినయ్, అన్నం మొదలుపెట్టాలె. బియ్యం, పప్పు ఆర్గానిక్‌వే కొనాలా? మామూలువి పెడితే ఏమన్నా అయితదా?" అడిగేటప్పుడు ముఖంలో నిజంగానే టెన్షన్ కనిపిస్తుంది. ఆర్గానిక్ అంటే రసాయన మందులు, ఎరువులు వాడకుండా పండించినవి. నా జవాబు ముందే చెప్పేస్తాను. కొనే స్తోమత ఉంటే కొనండి, నష్టం లేదు. దానికోసం గుడ్డు మాన్పించాల్సి వస్తే, పండు తగ్గించాల్సి వస్తే మాత్రం కొనకండి.

ఆర్గానిక్ అంతా బూటకం అని నేను అనను. తల్లుల భయంలో నిజం ఉంది. బరువుతో లెక్కేస్తే పసిపిల్లలు మనకంటే ఎక్కువ తింటారు, ఎక్కువ తాగుతారు. ఒంట్లో చేరిన విషాన్ని విరిచి బయటికి పంపే శక్తి వాళ్లకు ఇంకా పూర్తిగా రాదు. మెదడు వేగంగా పెరిగేదీ ఆ వయసులోనే. అమెరికాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1993లో ఈ విషయం మీద పెద్ద నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత 1996లో అక్కడ చట్టమే మార్చారు. ఆహారంలో పురుగుమందుకు హద్దు పెట్టేటప్పుడు పిల్లల కోసం మామూలుగా పది రెట్లు అదనపు జాగ్రత్త తీసుకోవాలన్నారు.

సియాటెల్ దగ్గర చేసిన ఒక పరిశోధన 2006లో అచ్చయింది. 23 మంది పిల్లలకు ఐదు రోజులు ఆర్గానిక్ తిండి పెట్టి రోజూ మూత్రం పరీక్షించారు. మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ అనే మందుల ఆనవాళ్లు దాదాపు వెంటనే పడిపోయాయి. మళ్లీ మామూలు తిండికి రాగానే తిరిగి కనిపించాయి. కాబట్టి ఆర్గానిక్ తింటే ఒంట్లోకి వెళ్లే మందు తగ్గుతుందన్నది నిజమే. అయితే వాళ్లు కొలిచింది మూత్రంలోని ఆనవాళ్లనే. ఆ పిల్లలకు జబ్బులు తగ్గాయా, ఎదుగుదల మెరుగైందా అన్నది ఆ పరీక్ష చూడలేదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లో అన్నీ పరిశీలించి, ఆర్గానిక్‌లో పురుగుమందు తక్కువే గానీ పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని చెప్పింది. ఏ రకమైనా సరే, పిల్లలకు పండ్లు, కూరగాయలు బాగా పెట్టడమే ముఖ్యమంది.

ఇక మన దగ్గరికి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ముగ్గురిలో ఒకరు వయసుకు తగ్గ ఎత్తు లేరు. నా ముందుకు రోజూ వచ్చేది ఈ పిల్లలే. పాలిపోయిన కనురెప్పలు, ఏడాది దాటినా పాలు, పలచటి చారన్నం తప్ప ఇంకేమీ ఎరగని నోళ్లు. వీళ్లకు కొరత ఉన్నది ఇనుము, మాంసకృత్తులు, నూనె. ఆర్గానిక్ ముద్ర ఉన్న బియ్యంలోనైనా ఇనుము అంతంతే. కిలోకు రెట్టింపు ధర పెట్టి ఆ బియ్యం తెచ్చి, అందులో చారు పోసి పెడితే బిడ్డకు ఒరిగేదేమీ లేదు. మామూలు బియ్యంలోనే చిక్కటి కందిపప్పు, చెంచాడు నెయ్యో నూనో, మెత్తగా ఉడికిన ఆకుకూర కలిపి, తిన్నాక ఒక బత్తాయి తొన పెట్టండి. బత్తాయిలోని సి విటమిన్ వల్ల పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి పడుతుంది. నల్లగొండ జిల్లాలో పుట్టి బత్తాయి తినని పిల్లలు ఉంటే ఆ తప్పు మనదే. రసం తీసి చక్కెర వేయకండి, తొనలు ఒలిచి గింజలు తీసి పెట్టండి.

అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పసిపిల్లలకిచ్చే బాలామృతం పొడి ఎవరి కోసం వచ్చాయో వాళ్లే తినాలి. ఇది నాయనమ్మలకు చెప్తున్న మాట. ఆ గుడ్లు ఇంట్లో అందరి కూరలోకి పోతున్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇంకో మాయ కూడా ఉంది. ఆర్గానిక్ రాగి బిస్కెట్, ఆర్గానిక్ బెల్లం, ఆర్గానిక్ తేనె. అట్ట మీద ఆకు బొమ్మ ఉన్నా బిస్కెట్‌లో చక్కెర చక్కెరే. రెండేళ్లు నిండేదాకా చక్కెర, బెల్లం కలపకపోవడమే మంచిది. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలు నాకించొద్దు. అడవి నుంచి తెచ్చిన అచ్చమైన తేనె అయినా సరే. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మక్రిమి వల్ల పసిబిడ్డ కండరాలు చచ్చుబడే ప్రమాదం ఉంది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు ఎముకలను, పళ్లను పాడుచేసే ఫ్లోరైడ్ గురించి నేను కొత్తగా చెప్పేది లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి దేశమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే ఉంది, అంత పేరు తెచ్చుకున్నాం. ఇప్పుడు మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వస్తున్నాయి. అయితే చాలా ఇళ్లలో తాగడానికి ఆ నీళ్లు, వంటకు మాత్రం బోరు నీళ్లు. జావ కాచినా, పప్పు ఉడికించినా ఆ నీళ్లన్నీ బిడ్డ కడుపులోకే పోతాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్గానిక్ రాగిపిండి తెచ్చి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లలో కాచే తల్లికి నేను ముందు నీళ్లు మార్చమని చెప్తాను.

మీకు పట్నం వాళ్లకు లేని వసతి ఒకటి ఉంది. తింటున్నది ఎవరు పండించారో మీకు తెలుసు. పాలమూరు చెలకల్లో వానకు పండే జొన్నకు పత్తికి కొట్టినన్ని మందులు కొట్టరు. వానలు పడ్డాక గంగవాయిలికూర, పొన్నగంటికూర, తుమ్మికూర పైసా ఖర్చు లేకుండా వస్తాయి. గడ్డిమందు కొట్టిన చేను దగ్గర, పత్తి చేను గట్టు మీద మాత్రం తెంపకండి. పల్లీలు మంచి బలం. కానీ బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి ఏరి పారేయండి. ఆ బూజులోని విషం వేయించినా పూర్తిగా పోదు, ఆర్గానిక్ పల్లీలైనా అంతే. చిన్నపిల్లలకు గింజలు గింజలుగా ఇస్తే గొంతుకు అడ్డం పడతాయి, మెత్తగా పొడి చేసి అన్నంలో కలపండి.

కూరగాయల్లో దేనికి జాగ్రత్త పడాలో రైతులనే అడగండి. వంకాయకు, బెండకు, కాలీఫ్లవర్‌కు, మిర్చికి పురుగు ఎక్కువ కాబట్టి మందూ ఎక్కువే. అమ్మకానికి ఒక మడి, ఇంటికి ఒక మడి వేరుగా పెట్టుకునే రైతులు మన ఊళ్లలో ఉన్నారు. అది తప్పని వాదించను గానీ, అంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి? బిడ్డ తినేది రోజుకు గుప్పెడు కూర. పెరట్లో ఒక మునగచెట్టు, రెండు సొర పాదులు, తొట్టిలో పాలకూర ఉంటే చాలావరకు సరిపోతుంది. అంగట్లో కొంటే తొక్క తీసి వండే సొరకాయ, ఒలిచి తినే అరటి, బత్తాయి నయం. రైతే కూర్చుని అమ్ముతుంటే మందు ఎప్పుడు కొట్టారో అడగండి. కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో మందు డబ్బా మీద, దాంతో ఇచ్చే కాగితంలో రాసి ఉంటుంది.

కడగడం మాత్రం మానొద్దు. ధారగా పడే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగండి. వంటసోడా కలిపిన నీళ్లలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే ఆపిల్ పైనున్న రెండు మందులు పోయాయని 2017లో అమెరికాలో ఒక పరిశోధన తేల్చింది. తొక్కలోకి ఇంకినది మాత్రం పోలేదు. మొక్క లోపలికి ఎక్కే మందులు ఉప్పునీళ్లకూ పోవు, పసుపునీళ్లకూ పోవు.

దుకాణంలో ప్యాకెట్ కొనేవాళ్లు, అది ఆర్గానిక్ అని తెలిపే ప్రభుత్వ గుర్తు 'జైవిక్ భారత్' ఉందా చూడండి. 2017 నిబంధనలతో వచ్చింది. 'పీజీఎస్ ఇండియా గ్రీన్' అని ఉంటే ఆ పొలం ఇంకా ఆర్గానిక్‌లోకి మారుతోందని అర్థం. ఏ గుర్తూ లేకుండా నోటిమాటతో రెట్టింపు ధర అడిగితే, ఆ మనిషి మీకు తెలిసిన రైతు అయితే తప్ప ఇవ్వకండి.

చివరగా చెప్పేదే నాకు అన్నిటికంటే ముఖ్యం. పళ్లెంలోని మందు గురించి ఇంత మాట్లాడుకుంటాం, అదే ఇంట్లో మంచం కింద మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు సీసా ఉంటుంది. కూరలో ఉండేది లేశమాత్రం, సీసాలో ఉన్నది ప్రాణం తీసేంత. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ భోజనంలో ఉన్నది ఈ మందే. మందు డబ్బాలో నూనె పోయకండి, నీళ్లు పట్టకండి. ఖాళీ అయింది, కడిగాం కదా అనుకోవద్దు. దానికి చిల్లు పెట్టి పనికిరాకుండా చేయండి. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలోకి మార్చకండి, రెండేళ్ల బిడ్డకు అది కూల్‌డ్రింకే. ఇంట్లో కాకుండా కొట్టం దగ్గర, పిల్లలకు అందని ఎత్తున తాళం వేసి పెట్టండి. అన్నలారా, మందు కొట్టి రాగానే బిడ్డను ఎత్తుకోకండి. స్నానం చేయండి, ఆ బట్టలు వేరుగా ఉతికించండి. ఉతికే ఆమె కూడా బాలింత కావచ్చు, గర్భిణి కావచ్చు.

ఎప్పుడైనా బిడ్డ మందు తాగినట్టు అనుమానం వస్తే ఉప్పునీళ్లు పోసి, గొంతులో వేలు పెట్టి కక్కించొద్దు. అలా చేస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బట్టల మీద పడి ఉంటే వెంటనే విప్పేసి ఒళ్లు సబ్బుతో కడగండి. 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో దవాఖానకు బయల్దేరండి. ఆ మందు డబ్బా కూడా వెంట తీసుకురండి, దాని మీది పేరు చూస్తే ఏ విరుగుడు ఇవ్వాలో మాకు వెంటనే తెలుస్తుంది.