చోడిపిండి కోసం ఒక చీటీ

శ్రోతలందరికీ నమస్కారం.

ఈరోజు నేను మాట్లాడేది సరుకుల షాపుల గురించి. పప్పు, ఉప్పు, చింతపండు, నూనె కొనుక్కునే షాపులే. ఎందుకు ఈ సంగతి ఎత్తుకున్నానంటే మా విజయనగరంలో ఈమధ్య ఏ నలుగురు కలిసినా ఇదే మాట. అయ్యకోనేరు గట్టు మీద సాయంత్రం కూర్చున్న పెద్దవాళ్ళయినా, స్కూల్ బస్సు కోసం పొద్దున్నే పిల్లల్ని పట్టుకుని నిలబడ్డ తల్లులైనా, ఊరు ఇంత పెరిగింది కదండీ, మంచి సరుకుల షాపొకటి మన వైపు కూడా వస్తే ఎంత బాగుండును అంటారు.

ఊరు పెరిగిన మాట నిజమే. 1888లో మున్సిపాలిటీ అయిన ఊరు, ఇప్పుడు కార్పొరేషన్. 2011 జనాభా లెక్కల్లోనే 2 లక్షల 28 వేల మంది ఉన్నాం, ఆ తర్వాత ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచాయో మీకూ తెలుసు. యూనివర్సిటీలు వచ్చాయి, భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల పేరు చెప్పి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి అద్దెకి దిగారు, పల్లెల్లో పొలం కౌలుకిచ్చి పిల్లల చదువులకని టౌనుకి వచ్చేసిన వాళ్ళు సరేసరి.

నా చిన్నప్పుడు నెల సరుకులంటే గంటస్తంభం దగ్గరే. నాన్నగారు జీతం అందుకున్న రోజు సాయంత్రం గుడ్డ సంచులు పట్టుకుని బయల్దేరేవారు, షావుకారు చీటీ చదువుతూ ఒక్కొక్కటీ కాగితం పొట్లం కట్టి దారం చుట్టి పళ్ళతో కొరికి తెంపేవాడు, రిక్షాలో తెచ్చుకునేవాళ్ళం. ఆ దారం అంతా ఉండ చుట్టి దాచడం నా పని. ఇప్పుడు మేముండేది ఊరి చివర కొత్త కాలనీలో. అక్కణ్ణించి గంటస్తంభం రావాలంటే ఆటోకి రానూపోనూ అయ్యేది లెక్కేసుకుంటే కందిపప్పు మీద మిగిలిందంతా ఆటోకే పోతుంది.

పెద్ద షాపులు రావాలా అంటే, రావాలనే నేనంటాను. దీపాలన్నీ వెలుగుతూ, సరుకు కళ్ళెదురుగా పెట్టి, ఎవరూ తొందరపెట్టకుండా, తిరగేసి చూసి కొనుక్కునే వీలుంటే అది ఆడవాళ్ళకి ఎంత హాయో చెప్పలేను. బిల్లు చేతికొస్తుంది, వస్తువు మీద రేటు కనిపిస్తుంది. కాకపోతే షాపు పెద్దదయినంత మాత్రాన మంచి షాపు అయిపోదు. ఈ మాట మా అమ్మ వల్ల నాకు తెలిసింది, అదే మీకు కాస్త నిదానంగా చెప్తాను, మిగతా విషయాలకి టైము చాలకపోయినా ఫరవాలేదు.

మా అమ్మకి 76 ఏళ్ళు. పొద్దున్నే చోడంబలి తాగకపోతే ఆవిడకి రోజు మొదలైనట్టుండదు. మన ఉత్తరాంధ్రలో రాగుల్ని చోళ్ళంటాం కదా. ముందురోజు రాత్రి చోడిపిండి నీళ్ళలో జారుగా కలిపి మూతపెట్టి ఉంచుతుంది. తెల్లారేసరికి సన్నగా పులిసిన వాసన వస్తుంది, పైన చిన్న చిన్న బుడగలుంటాయి. పొయ్యి మీద నూకలు ఉడుకుతూ ఉంటే ఈ పిండి నీళ్ళు పోసి, ఉండకట్టకుండా గరిటె ఆపకుండా తిప్పుతుంది. చిక్కబడ్డాక దింపి చల్లారబెట్టి, మజ్జిగ పోసి, ఉప్పేసి, పెద్ద గ్లాసులో పోసుకుంటుంది. పక్కన ఒక ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ. అంతే, మధ్యాహ్నం దాకా ఇంకేమీ అడగదు.

ఇదివరకు చోళ్ళు పల్లె నుంచి ఇంటికే వచ్చేవి. ఈ కాలనీకి వచ్చాక కొనుక్కోవాల్సి వచ్చింది. మా కాలనీ దగ్గర కొత్తగా ఒక పెద్ద షాపు తెరిచారు, సంతోషంగా వెళ్ళాను. చోడిపిండి ఉందా అనడిగితే అక్కడి అమ్మాయికి అర్థం కాలేదు, రాగిపిండి అంటే చూపించింది. రంగురంగుల ప్యాకెట్టు, ఎక్కడో వేరే రాష్ట్రంలో తయారైంది. ఇంటికి తెచ్చాను. అమ్మ కత్తెరతో మూల కత్తిరించి వాసన చూసి, అలాగే నా చేతిలో పెట్టేసింది.

"ఏటే అమ్మీ ఇది, ముక్కిపోయిన కంపు కొడతంది. ఇది పిండేటి?"

వెనక్కి తిప్పి చూస్తే తయారుచేసిన తేదీ అయిదు నెలల కిందటిది. గడువు ఇంకా అయిపోలేదు, షాపువాళ్ళు రూల్ తప్పిందేమీ లేదు. కానీ పిండి పాతది. వారం ఆగి ఇంకో షాపుకి వెళ్ళాను, అక్కడ విడిగా అమ్ముతున్నారు, ఇంటికొచ్చి జల్లిస్తే జల్లెడలో పురుగు. ఆ రెండు వారాలూ మా అమ్మ పొద్దున్నే ఇడ్లీ తిని, ఏమీ అనకుండా వాకిట్లో కూర్చునేది. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

నా బాధంతా ఇక్కడే ఉందండీ. చోళ్ళు మనకి ఎక్కడో పండే పంట కాదు. మన విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం చోళ్ళకి పేరున్న చోటు. చంపావతి అని ఒక రకం, వేగావతి అని ఒక రకం, శ్రీ చైతన్య అని ఒక రకం, ఇవన్నీ ఇక్కడి నుంచి వెళ్ళిన విత్తనాలే. చంపావతి, వేగావతి మన నదులు కదా! మన ఏటి పేరు పెట్టుకున్న విత్తనం ఊళ్ళ మీదుగా వెళ్ళి పండుతుంటే, ఈ ఊర్లో డెబ్బై ఆరేళ్ళ మనిషికి గ్లాసుడు అంబలికి తాజా పిండి దొరకలేదు. 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, ఎముకలు అరిగిపోయే వయసు వాళ్ళకి అంతకంటే ఏం కావాలి చెప్పండి. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అని జరుపుకుంది, మంచిదే, నాకు మాత్రం మా వీధి చివర షాపులో కిలో తాజా పిండి కావాలి.

ఇక అసలు సంగతికొస్తాను. మా వీధి చివర పాత కిరాణా షాపు ఒకటుంది. చిన్నది, ఇద్దరు నిలబడితే మూడో మనిషి రోడ్డు మీద ఉండాలి. షావుకారుగారు పెద్దాయన. ఒకరోజు శొంఠి కోసం వెళ్ళి ఊరికే అన్నాను, మీరైనా చోళ్ళు తేకూడదా అని. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి నాకు లెక్క చెప్పారు.

"అమ్మా, తెద్దును. బస్తా 25 కిలోలు. మీరు నెలకి రెండు కిలోలు పట్టుకెల్తారు, ఇంకెవరో ఒక కిలో. మిగతా 22 కిలోలు నా దగ్గరే ఉండిపోతాయి. వానాకాలం వచ్చిందంటే పురుగు. పురుగు పట్టిన సరుకు మీకెలా అమ్మను, పారబొయ్యనూలేను. అందుకే తేను. నాకు తెలీక కాదమ్మా."

నేనింటికి వచ్చి చాలాసేపు ఆ మాటే అనుకున్నాను. షాపులో సరుకు బాగుండాలంటే సరుకు తిరగాలి. వచ్చింది వచ్చినట్టు వెళ్ళిపోవాలి. పెద్ద షాపులో ప్యాకెట్టు అయిదు నెలలు ఎందుకు కూర్చుందీ అంటే అడిగేవాళ్ళు లేక. చిన్న షాపులో అసలు ఎందుకు లేదూ అంటే, అక్కడా అడిగేవాళ్ళు లేకే. మరి మా కాలనీలో అడిగేవాళ్ళు నిజంగా లేరా? ఉన్నారు. ఎవరింట్లో వాళ్ళున్నారు, ఒకళ్ళ సంగతి ఇంకొకళ్ళకి తెలీదు, అంతే.

ఆ ఆదివారం మా అమ్మాయి నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపి పట్టుకుని వీధిలోకి వెళ్ళాను. పక్కింటి పిన్నిగారు, చోళ్ళ పని మీద వచ్చానని తెలియగానే, "నాకూ కావాలమ్మా, మీ బాబాయికి షుగరు, డాక్టరు చోడిజావ తాగమన్నాడు, మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా తెస్తున్నాడు" అన్నారు. చూడండి, చోళ్ళు హైదరాబాద్ నుంచి విజయనగరం వస్తున్నాయి! ఎదురింట్లో చిన్న బాబుకి ఆరో నెల, వాళ్ళమ్మ మొలకగట్టిన రాగుల పొడి ఆన్‌లైన్‌లో తెప్పిస్తోంది. మేడ మీద అద్దెకున్న వాళ్ళు అటు బీహార్ వైపు వాళ్ళు, వాళ్ళకి చోళ్ళు అక్కర్లేదు గానీ ఆవనూనె కావాలిట, మన ఊర్లో మంచిది దొరక్క ఎవరైనా అటునుంచి వచ్చినప్పుడే తెప్పించుకుంటున్నారు. ఇంకొకళ్ళకి దంపుడు బియ్యం, ఇంకొకళ్ళకి గానుగ నువ్వులనూనె, ఒక తాతగారికి గంట్లు, అదే సజ్జలు, చిన్నప్పుడు తిన్న గంటి రొట్టె మళ్ళీ తినాలని ఆయన కోరిక. సాయంత్రానికి చోళ్ళకే పది ఇళ్ళు తేలాయి. ఇంటికి రెండు కిలోలు. 20 కిలోలు.

ఆ కాగితం తీసుకెళ్ళి షావుకారుగారి చేతిలో పెట్టాను. ఆయన వేలితో ఒక్కో పేరూ చదివి, "వీళ్ళందరూ నా షాపుకి వచ్చేవాళ్ళే కదమ్మా, ఒక్కరూ నాతో అన్లేదే" అన్నారు. మేం అడగలేదు. నిజం. ఈయన దగ్గర ఉండదులే అని మాకు మేమే అనేసుకున్నాం.

తర్వాతి వారం ఆయన సాలూరు వైపు సంతకి వెళ్ళే తెలిసినాయనకి చెప్పి బస్తా తెప్పించారు. పిండి ఆడించి పెట్టొద్దు, గింజే ఇవ్వండి అన్నాం మేము. గింజయితే చాన్నాళ్ళుంటుంది, ఎప్పటికి కావలసింది అప్పుడు ఆడించుకోవచ్చు. గంట్లయితే మరీను, అందులో నూనె ఎక్కువ, పిండి పట్టించాక పదిరోజులు దాటితే చేదెక్కిపోతుంది. నేను రెండు కిలోల చోళ్ళు తెచ్చి కడిగి ఎండబెట్టి మిల్లుకి తీసుకెళ్ళాను. ఆ పిండి డబ్బా ఇంకా వెచ్చగా ఉండగానే మా అమ్మ మూత తీసి వేళ్ళతో తాకి చూసింది. ఆ రాత్రి నాకు చెప్పకుండానే గిన్నెలో కలిపి పెట్టేసింది. తెల్లారి గ్లాసు పట్టుకుని వాకిట్లో కూర్చుని ఉల్లిపాయ కరకరా నములుతుంటే వంటింట్లోకి వినపడింది.

టైము దగ్గరపడుతోంది గనక ఒక్క విషయం చెప్తాను, ఒక్కటే. మీ వీధిలో ఒక చీటీ రాయండి. ఏం కావాలి, నెలకి ఎంత కావాలి, ఎన్ని ఇళ్ళకి కావాలి. "మంచి సరుకు తెండి" అంటే ఏ షాపువాడికీ ఏమీ తెలీదు. "చోళ్ళు, 20 కిలోలు, ప్రతినెలా, పది ఇళ్ళు" అంటే తెలుస్తుంది. చిన్న షాపుకైనా ఇవ్వండి, పెద్ద షాపు మేనేజరుకైనా ఇవ్వండి, ఇద్దరికీ ఇచ్చినా తప్పులేదు. ఇంకోటి, చీటీలో రాసిన వాళ్ళు ఆ నెల తప్పకుండా కొనాలి. పక్క షాపులో రెండు రూపాయలు తక్కువని మొదటి నెలే మానేస్తే ఆ పెద్దాయన బస్తా ఏమైపోవాలి?

రైతుబజార్లు 1999లో మొదలైనప్పుడు కూడా కూరగాయలు రైతు దగ్గర నేరుగా కొంటామా అనుకున్నాం, ఇవాళ పొద్దున్నే దాసన్నపేట రైతుబజారుకి సంచీతో వెళ్ళని రోజుంటుందా మనలో చాలామందికి. అలాగే గిరిజన సహకార సంస్థ వాళ్ళ తేనె, చింతపండు, కుంకుడుకాయలు ఉన్నాయి, మన ఏజెన్సీ సరుకే. పలాస జీడిపప్పు ఉంది, అనకాపల్లి బెల్లం ఉంది. ఇవన్నీ చుట్టూ వంద, నూట యాభై కిలోమీటర్లలో ఉన్నవే. కొత్తగా వచ్చే పెద్ద షాపుల్లో వీటికి ఒక అర కేటాయిస్తే, దాని మీద చోళ్ళు అని మన మాటతోనే రాస్తే, మా అమ్మలాంటి వాళ్ళు ఎవర్నీ అడగక్కర్లేకుండా తీసుకుంటారు. షాపు ముందు మెట్లు తగ్గించి, లోపల ఒక బల్ల వేస్తే ఇంకా మంచిది, మోకాళ్ళ నొప్పులవాళ్ళు బిల్లయ్యేదాకా కూర్చుంటారు. ఎలక్ట్రానిక్ కాటాకి ఏటేటా తూనికలు కొలతల శాఖవాళ్ళ ముద్ర పడాలి, అది పడిందో లేదో అడిగి చూడ్డానికి మనమూ మొహమాటపడకూడదు. ఇవి నా కోరికలు.

ప్రస్తుతానికి మా చీటీ షావుకారుగారి షాపులో గోడకి, క్యాలెండరు పక్కన అతికించి ఉంది. చోళ్ళకి పద్నాలుగు ఇళ్ళయ్యాయి, ఇప్పుడు రెండు వారాలకోసారి తెప్పిస్తున్నారు. తాతగారి గంట్లు కూడా వచ్చాయి. ఆవనూనెకి మాత్రం ఇంకా ఇద్దరే ఉన్నారు, డబ్బా తెప్పించాలంటే కనీసం అయిదిళ్ళు ఉండాలన్నారు షావుకారుగారు. ఆ మేడ మీద అమ్మాయి నన్ను చూసినప్పుడల్లా వచ్చీరాని తెలుగులో "ఆంటీ, నూనె?" అనడుగుతుంది. పక్క వీధిలో కూడా అటువైపు వాళ్ళు మూడు కుటుంబాలు దిగారని నిన్ననే తెలిసింది. ఇక్కణ్ణించి ఇంటికెళ్ళగానే ఆ కాగితం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాలి.

సెలవు, నమస్కారం.