కన్ను కుదిరితే పులి

శ్రోతలకు నమస్కారం.

లారీల వెనక పులి బొమ్మలు మీరందరూ చూసే ఉంటారు. కొన్నింటిని చూస్తే పులి అనిపించదు, కోపమొచ్చిన పిల్లి అనిపిస్తుంది. చారలు బాగానే ఉంటాయి, మీసాలుంటాయి, కోరలైతే ఉండాల్సినదానికన్నా పెద్దగానే ఉంటాయి. తేడా అంతా కంట్లో. వెలుతురులో పిల్లి కంటిపాప నిలువు చీలికలా సన్నబడిపోతుంది. పులి కంటిపాప అలా కాదు, మనుషుల కంటిపాపలాగే గుండ్రంగా ఉంటుంది. పెయింటరు ఇంట్లో పిల్లిని చూసి పులిని వేస్తే ఇంకేమవుతుంది?

నా పని కూడా పులులు, గద్దలు వేయడమే. కాకపోతే బైకు ట్యాంకుల మీద, హెల్మెట్ల మీద. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న రేకుల షెడ్డు. కుంచెతో మొదలుపెట్టాను, పద్నాలుగేళ్ల నుంచి ఎయిర్‌బ్రష్ పట్టుకున్నాను. ఈమధ్య కుర్రాళ్లు చాలామంది వచ్చి ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, వెంట్రుకలాంటి గీత రావాలంటే ఎంత నంబరు నాజిల్ కొనాలి?" అని. పొరపాటు ఆ ప్రశ్నలోనే ఉంది. నేనూ అదే పొరపాటు చేసి డబ్బులు పోగొట్టుకున్నవాణ్ణే.

ఎయిర్‌బ్రష్ ఎప్పుడూ చూడనివాళ్ల కోసం ముందు కాస్త చెబుతాను. వెనకటికి ఇళ్లలో దోమలకి ఫ్లిట్ కొట్టేవాళ్లు గుర్తుందా? పంపు తోస్తే గాలి సన్న గొట్టం మూతి మీదుగా జోరుగా పోయేది. ఆ జోరే డబ్బాలోని మందుని పైకి లాగి తుంపర చేసేది. ఎయిర్‌బ్రష్ పనిచేసేదీ అలాగే, కాకపోతే లావుపాటి పెన్నంతే ఉంటుంది. దాని పొడవునా లోపల ఒక సూది ఉంటుంది. ఆ సూది మొన ముందున్న నాజిల్ రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. సూదిని వెనక్కి లాగినకొద్దీ రంధ్రం తెరుచుకుని రంగు వస్తుంది, చుట్టూ గాలి వచ్చి దాన్ని పొగలా ఎగరగొడుతుంది. 1870ల చివర్లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో అబ్నర్ పీలర్ అనే ఆయన మొదటిసారి ఇలాంటిది తయారుచేశాడు. 1893లో చార్లెస్ బర్డిక్ దాన్ని పెన్నులా పట్టుకునే రూపానికి తెచ్చాడు. తొలిరోజుల్లో దీన్ని బాగా వాడుకున్నది ఫొటోలకి టచింగ్ చేసేవాళ్లు.

కొనేటప్పుడు మొదట ట్రిగ్గర్ చూడండి. సింగిల్ యాక్షన్ అయితే నొక్కగానే గాలీ రంగూ కలిసే వస్తాయి. రంగు ఎంత రావాలన్నది వెనకున్న మర తిప్పి ముందే పెట్టుకోవాలి. బేస్ కోటు, అంటే అడుగు పూత, కొట్టడానికి అది చాలు. సన్నపనికి మాత్రం డబుల్ యాక్షనే. కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. గీత గీస్తూ గీస్తూనే సన్నం, లావు మార్చుకోవచ్చు. ఆ తర్వాత కప్పు. రంగు పోసే కప్పు పైన ఉన్నదే తీసుకోండి. రంగు తన బరువుతో తనే దిగుతుంది కాబట్టి తక్కువ గాలితో పని జరుగుతుంది. కింద సీసా తగిలించేవాటిలో రంగుని పైకి లాగడానికే కొంత గాలి ఖర్చయిపోతుంది. టీ షర్టుల మీద వేసేవాళ్లకి అవే నయం, చకచకా సీసాలు మార్చుకోవచ్చు.

ఇక నాజిల్ సంగతి. 0.2, 0.3, 0.35, 0.5 అని చెబుతుంటారే, అవి రంధ్రం వెడల్పు, మిల్లీమీటర్లలో. జిరాక్స్ కాగితాలు మూడు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందమో, 0.3 అంటే ఇంచుమించు అంత. నేను 0.3తోనే మొదలుపెట్టాను. గీత లావుగా వస్తోంది, అంచులంతా చుక్కలు చుక్కలుగా పడుతోంది. తప్పు నాజిల్‌దే అనుకుని ఆరు నెలలు తిరక్కుండా 0.2 తెప్పించుకున్నాను, అప్పు చేసి మరీ. పాతదాంతో కనీసం గీతన్నా పడేది. ఈ కొత్తదాంతో పది నిమిషాలకోసారి మూసుకుపోవడమే. విప్పడం, కడగడం, మళ్లీ బిగించడం. నాలుగోసారి బిగిస్తున్నప్పుడు చిన్న స్పానరుతో ఓ పావు చుట్టు ఎక్కువ తిప్పాను. బియ్యపుగింజంత ముక్క అది. చీలింది. చీలిక కంటికి కనపడలేదు, కప్పులోంచి బుడబుడమని బుడగలు వచ్చేసరికి అర్థమైంది.

ఇంకో నాజిల్ రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ పాత 0.3తోనే కుస్తీ పట్టాను. సన్నగీత ఎక్కడుందో అప్పుడు తెలిసింది.

చూడండి, సూదిని పూర్తిగా వెనక్కి లాగితేనే కదా రంధ్రమంతా తెరుచుకునేది. వెంట్రుకవాసి లాగితే సూదికీ రంధ్రం అంచుకీ మధ్య వెంట్రుకవాసి సందే ఉంటుంది. ఆ సందులోంచి రంగు ఆగకుండా, ఉమ్మకుండా వచ్చిందంటే గీత సన్నగానే పడుతుంది. కాబట్టి తేల్చుకోవాల్సింది ఆ సందులోంచి దూరేంత పలచగా రంగు ఉందా, గాలి తగ్గించామా, ట్రిగ్గర్ మీద వేలు మన మాట వింటోందా అని. కొత్తగా కొనేవాళ్లకి నా సలహా 0.3 లేదా 0.35. జపాన్ వాళ్ల ఇవాటా ఎక్లిప్స్‌లో 0.35 నాజిల్‌కి మరలుండవు, దాని గూట్లో పెట్టి పైన క్యాప్ బిగిస్తే కూర్చుంటుంది. నాలాంటి మోటుచేతుల వాళ్లకి అది వరం. ధర పది వేలు దాటుతుంది, నిజమే. వెయ్యి రెండు వేలకి దొరికేవాటితో నేర్చుకోకూడదని నేననను. కాకపోతే కొన్నింటిలో లోపలి రబ్బరు రింగులు ఘాటు థిన్నర్‌కి ఉబ్బిపోతాయి. నీళ్ల రంగులతోనే సరిపెట్టుకోండి.

రంగు కలపడం దగ్గరే అసలు పని. పాలలా ఉండాలని అందరూ చెబుతారు. ఏ పాలు? గేదె పాలా? బేస్ కోటుకి అవి సరే. పులి కనురెప్ప గీత గీయాలంటే టీకొట్టు పాలు కావాలి, నీళ్లు కలిపినవి. కప్పు వంచి చూడండి. గోడ మీంచి రంగు జారి, వెనకాల పలచటి పొర మిగిలితే బాగుంది. చిక్కగా ఆగి ఆగి జారితే ఇంకాస్త పలచన చేయాలి. ట్యూబులో వచ్చే అక్రిలిక్ రంగులో పొడి గరుగ్గా ఉంటుంది, కాబట్టి పాత నైలాన్ మేజోడులో వడకట్టకుండా పోయకండి. తెలుపు మరీ మొండిది. మిగతా రంగులన్నీ బాగా నడిచిన నాజిల్‌లో తెలుపు పోయగానే మొరాయించడం నాకు మామూలే.

పలచటి రంగుకి గాలి కూడా తక్కువే కావాలి. బైకు టైరుకి ముందు చక్రానికి ఇరవై అయిదు, వెనక చక్రానికి ముప్ఫై అని గాలి పెట్టించుకుంటాం కదా, అవే పాయింట్లు. ఎయిర్‌బ్రష్‌తో బేస్ కోటు కొట్టేటప్పుడు నేను ఇరవై అయిదు పెట్టుకుంటాను. సన్నపనికి పన్నెండు నుంచి పద్దెనిమిది. రంగు పలచగా ఉండి గాలి ఎక్కువైతే చుక్క పడ్డచోటు నుంచి నలువైపులా కాళ్లు పాకుతాయి, అచ్చం సాలీడే. రంగు చిక్కగా ఉండి గాలి తక్కువైతే ఇసక చల్లినట్టు గరుకుగా పడుతుంది. సాలీడు కనపడితే గాలి తగ్గించండి, ఇసక కనపడితే రంగు పలచన చేయండి. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది, చెప్పేవాళ్లు లేక.

కంప్రెసర్‌కి గాలి నిలవుండే ట్యాంకు ఉండాలి, చిన్నదైనా సరే. ట్యాంకు లేకపోతే గాలి కొట్టుకుంటూ వస్తుంది, ఆ కొట్టుకోవడం గీతలో కనిపిస్తుంది. చేతిలో ఇమిడే బ్యాటరీ కంప్రెసర్లు వచ్చాయి, కేకుల మీద రంగు కొట్టుకోవడానికి ముచ్చటగా ఉంటాయి. పులి కంటికి పనికిరావు. పంక్చరు షాపు కంప్రెసర్‌తో సర్దుకుందామనుకుంటే గాల్లో నూనె, నీళ్లు వస్తాయి. ఆ నూనె బొట్టు పడ్డచోట రంగు నిలవదు, చేపకన్నులా గుంట పడుతుంది. వానాకాలం మన కోస్తా గాల్లో తేమ గురించి చెప్పక్కర్లేదు. గొట్టం మధ్యలో నీళ్లు ఆపే ఫిల్టరు పెట్టుకోకపోతే, సరిగ్గా కంటిపాప పూర్తయ్యే సమయానికి ఒక నీటిబొట్టు టప్‌మని పడుతుంది. ఎప్పుడూ ఆ సమయానికే ఎందుకు పడుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

చెయ్యి కుదరడానికి ఏం చేయాలి? ముగ్గు వేయాలి. హాస్యమాడటం లేదు. పాత న్యూస్‌పేపరు మీద ఏడు చుక్కలు ఏడు వరసలు పెట్టండి, అన్ని చుక్కలూ ఒకే సైజులో. తర్వాత చుక్క నుంచి చుక్కకి గీతలు కలపండి. చుక్క పెట్టడంలో వేలికి నొక్కడం, లాగడం అలవాటవుతాయి. గీత కలపడంలో మోచెయ్యి కదలడం అలవాటవుతుంది. చెయ్యి కాగితానికి దగ్గరైనకొద్దీ గీత సన్నమవుతుంది, ఎత్తినకొద్దీ లావై మసకబారుతుంది. సెంటీమీటరు దూరంలో వెంట్రుక గీయవచ్చు, జానెడు దూరంలో మబ్బు వేయవచ్చు. మొదట గాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు ఆగాలి, ఆ తర్వాతే గాలి. ఈ వరస తప్పితే రంగు మొన మీద ఉండిపోయి, మళ్లీ నొక్కగానే ఉమ్ముతుంది. మా ఆవిడ ఓసారి షెడ్డుకొచ్చి సరదాగా పట్టుకుంది. పది నిమిషాల్లో చుక్కలన్నీ ఒక వరసలో పెట్టేసింది. నాకు నెల పట్టిందా పని. ఏళ్ల తరబడి వాకిట్లో చెయ్యి తిప్పినవాళ్ల సంగతి వేరు.

మే నెలలో మా రేకుల షెడ్డు పెనంలా కాలిపోతుంది. అప్పుడు ఇంకో తంటా. సూది మొన మీద రంగు ఎండి గడ్డం మొలుస్తుంది. గీత పక్కకి పోతుంది, లేకపోతే ఆగి ఆగి పడుతుంది. గోరుతో గీకబోయి సూది మొన వంచేసుకున్నవాళ్లు చాలామంది. తడి కుంచెతో మెల్లగా తుడవండి, అయిదు నిమిషాలకోసారి. రంగులో ఆరుదల ఆలస్యం చేసే మందు ఒకటి రెండు చుక్కలు వేసుకోవచ్చు. నేనైతే ఎండాకాలంలో సన్నపని తెల్లవారుజామునే పెట్టుకుంటాను.

కడగడం గురించి ఎవరూ వినరు, అయినా చెబుతాను. రంగు మార్చిన ప్రతిసారీ కప్పు తుడిచి, నీళ్లు పోసి, కాగితం మీద తెల్లనీళ్లు పడేదాకా కొట్టాలి. సాయంత్రం సూది ఊడదీసి, వెనక నుంచి మొన వైపుకి తుడవాలి, మొన నుంచి వెనక్కి ఎప్పుడూ కాదు, వేలికి గుచ్చుకుంటుంది. నాజిల్‌లో పిన్ను పెట్టి పొడవకండి. రంధ్రం గుండ్రంగా లేకపోతే గీత జన్మలో తిన్నగా రాదు.

ముక్కుకి జేబురుమాలు కట్టుకుని పనిచేసేవాళ్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. ఆ తుంపర రుమాలుకి ఆగదు. నీళ్ల రంగయినా సరే, ఊపిరితిత్తుల్లోకి పోవడానికి కాదు అది ఉన్నది. ఫిల్టరు డబ్బాలున్న మాస్కు పెట్టుకోండి, గాలి బయటికి పోయేలా ఫ్యాను పెట్టుకోండి. చివర్లో కొట్టే టూకే క్లియర్ కోటులో, అంటే రెండు మందులు కలిపి కొట్టే రంగులేని పూతలో, గట్టిపడే మందుకి ఆస్తమా తెప్పించే గుణం ఉంది. అది నేను కొట్టను. విడిగా గాలి అందే మాస్కు, పెయింటు కొట్టే బూత్ గది ఉన్న కారు పెయింటింగ్ వాళ్ల దగ్గరికి ట్యాంకు పంపించేస్తాను.

మొన్న ఒక బుల్లెట్ ట్యాంకు మీద పులి వేశాను. కన్ను రూపాయి బిళ్లంత. మొదట తెల్లటి అడుగు, దానిమీద నీళ్లలాంటి పసుపు పొర. అది ఆరాక మళ్లీ అదే పసుపు, అంచుల వైపు మాత్రమే. తర్వాత తేనెరంగు, కంటిపాప చుట్టూ చిన్న చిన్న గీతలు, చక్రం ఆకుల్లా లోపలి నుంచి బయటికి, మొదట్లో లావు, చివరికి సన్నం. అవి డెబ్బై ఎనభై ఉంటాయి. ఒక్కో గీతకి సూది వెనక్కి పోయి ముందుకి రావాలి. ఊపిరి బిగబట్టడం తెలియకుండానే అలవాటైపోయింది. కంటిపాపకి నలుపు నేరుగా వేయను, ముదురు గోధుమ పొరలు నాలుగు వేసి, నడిమధ్యలో మాత్రం నలుపు. పైరెప్ప నీడ కంటి మీద పడాలి, అది పడకపోతే కన్ను బొమ్మకి అతికించినట్టుంటుంది. ఆ నీడ వేసేటప్పుడు ముందున్న క్యాప్ కూడా తీసేసి, బొమ్మకి ఇంకా దగ్గరగా పోతాను. అప్పుడు సూది మొనకి రక్షణ ఉండదు, ట్యాంకుకి తగిలితే అంతే సంగతులు.

ఇవన్నీ అయ్యాక కంట్లో తెల్లటి మెరుపు చుక్క ఒకటి మిగులుతుంది. అది పడేదాకా పులి నిద్రపోతున్నట్టే ఉంటుంది. దాన్ని కూడా ఎయిర్‌బ్రష్‌తోనే వేయాలని ఏళ్ల తరబడి పట్టుబట్టాను. అంచు ఎప్పుడూ కాస్త మసకగానే వచ్చేది. తడిమెరుపుకి మసక అంచు ఉండదు. ఇప్పుడైతే ఎయిర్‌బ్రష్ స్టాండుకి తగిలించేసి, మూడు సున్నాల నంబరు సన్న కుంచె తీసి, చిక్కటి తెలుపులో ముంచి ఒక్క చుక్క పెట్టేస్తాను.