కళ్లేపల్లి దాకా వెళ్లే మన చెత్త

సభకు నమస్కారం. వర్తక సంఘం పెద్దలు, మహిళా సంఘాల అక్కచెల్లెళ్లు, కాలేజీ పిల్లలు ఇంతమంది వచ్చినందుకు సంతోషం.

తాబేళ్ల గురించి తీరంలోని బారువలోనో కళింగపట్నంలోనో చెప్పాలి గానీ శ్రీకాకుళం బజారులో ఎందుకని ఇందాక ఒకరు అడిగారు. ఇక్కడే చెప్పాలండీ. మన వీధి కాలువలో పడ్డ ప్లాస్టిక్ కవరు గెడ్డలోకి, అంటే వాగులోకి, అక్కడి నుంచి నాగావళి నదిలోకి పోతుంది. నాగావళి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన ఊరి చెత్తకు సముద్రం అంత దగ్గర.

ఏటా చలికాలం నుంచి ఎండలు ముదిరే దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తీసి, సుమారు వంద గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతాయి. అటవీ శాఖ వాళ్లు, జాలరి కుర్రాళ్లు తెల్లారకముందే ఆ గుడ్లు ఏరి, గుడ్లు పొదిగే దాకా కాచే హేచరీల్లో కాపాడి, పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు. అలా వదిలిన వాటిలో వెయ్యికి ఒకటి పెరిగి పెద్దదైతే గొప్ప అంటారు. అన్ని గండాలు గడిచి పెద్దదైన ఆ ఒక్క తాబేలు మన కవరు తిని చచ్చిపోవడం నాకు మింగుడుపడదు.

అసలు కవరు ఎందుకు తింటుంది? నీళ్లలో తేలే కవరు అచ్చం జెల్లీ ఫిష్‌లా ఉంటుంది. కొన్నాళ్లు నానితే దానికి నాచు, సూక్ష్మజీవులు పట్టి తిండి వాసన కూడా వస్తుంది. నోట్లోకి వెళ్లాక ఇక వెనక్కి రాదు. తాబేలు గొంతు లోపలంతా ముళ్లలాంటివి ఉంటాయి, అన్నీ కడుపు వైపే వంగి. మింగిన జెల్లీ ఫిష్ జారిపోకుండా, నీళ్లు మాత్రమే బయటికి పోయేలా ప్రకృతి చేసిన ఏర్పాటు అది. కోట్ల ఏళ్లుగా దాన్ని బతికించిన ఆ గొంతే ఇప్పుడు ప్లాస్టిక్‌ను కక్కనివ్వడం లేదు. పేగుకు అడ్డుపడితే లోపల గ్యాస్ చేరి, తాబేలు మునగలేక పైనే తేలుతుంది. మునగలేనిది వేటాడలేదు, పడవల నుంచి తప్పించుకోలేదు. 14 ప్లాస్టిక్ ముక్కలు మింగిన తాబేలు చనిపోయే అవకాశం సగానికి సగమని 2018లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

నిజం చెప్పాలంటే, మన ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లలో ఎక్కువ భాగం ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక పోయినవే. తాబేలుకు చేపలా మొప్పలు లేవు, గాలి కోసం పైకి రావాల్సిందే. కానీ తెగి సముద్రంలో వదిలేసిన నైలాన్ వల కూడా ప్లాస్టిక్కే కదా! దాన్ని లాగే మనిషి ఉండడు, అది మాత్రం ఏళ్ల తరబడి చేపల్ని, తాబేళ్లను పడుతూనే ఉంటుంది. పాత నూలు వల అయితే కుళ్లిపోయేది.

తాబేళ్ల సంగతి మనకెందుకు అనుకునేవాళ్లకు నెత్తళ్ల సంగతి చెబుతాను. ఎండకు, అలలకు పెళుసెక్కిన ప్లాస్టిక్ నలిగి నలిగి కంటికి ఆనని ముక్కలవుతుంది. చిన్న చేపల కడుపుల్లో ఆ ముక్కలు ఉన్నట్టు ఎన్నో దేశాల పరిశోధనల్లో తేలింది. పెద్ద చేపకైతే పొట్ట తీసి పారేస్తాం. నెత్తళ్లను చాలాసార్లు పొట్టతోనే పులుసు పెట్టేస్తాం.

వర్తక మిత్రులకు ఒక మాట. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. అయినా బజారులో ఇంకా చేతికి తగులుతున్నాయి. గిరాకీ పక్క కొట్టుకు పోతుందేమోనని మీకు టెన్షన్, నాకు తెలుసు. అందుకే ఒక్క కొట్టు మానేస్తే చాలదు, వీధంతా ఒకే రోజు మానేయాలి. శ్రీకూర్మం గుడిలో తాబేళ్లకు ఆకుకూర పెట్టి మురిసిపోయే మనం ఆ మాత్రం చేయలేమా?

ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం. తీరంలో చెత్త ఏరడం మంచిదే, కానీ అప్పటికే ఆలస్యం. ఏడాదంతా గెడ్డల్లో పేరుకున్నదాన్ని వానాకాలం వరద ఒక్క ఊపులో సముద్రానికి చేరుస్తుంది. ఆ తర్వాత నెలల్లోనే తాబేళ్లు వస్తాయి. కాబట్టి శుభ్రం చేయాల్సింది తొలి వరదకు ముందు, మే నెలలో, ఇక్కడ, ఊళ్లో. గెడ్డ నదిలో కలిసేచోట ఇనుప జాలీ కట్టించి, వారం వారం చెత్త తీయించాలని నగరపాలక సంస్థకు అర్జీ రాశాం. అది ఆ బల్ల మీద ఉంది. వెళ్లేముందు చదివి, సమ్మతమైతే సంతకం పెట్టండి. జాలీ దగ్గర చెత్త తీయడానికి వంతులు వేసుకోదలచిన కుర్రాళ్లు పక్కనున్న పుస్తకంలో పేరు రాయండి.