ఎవరి పోలిక?

అంగన్‌వాడీ టీచర్లకు, పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

ఏడాదిన్నర బిడ్డ మొండికేస్తే “అచ్చం తాత పోలికే” అంటాం. విసుగు పెరిగితే “పుర్రెతో పుట్టిన బుద్ధి పుడకలతో గానీ పోదు” అనేస్తాం. పసిబిడ్డల విషయంలో ఆ సామెత వాడవద్దని అడగడానికే వచ్చాను.

కెనడాలోని మాంట్రియల్‌లో మైకేల్ మీనీ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకలను గమనించింది. కొన్ని తల్లులు పుట్టిన వారంలో పిల్లలను పదే పదే నాకుతాయి. కొన్ని అంతగా పట్టించుకోవు. తల్లి బాగా నాకిన పిల్లలకు పెద్దయ్యాక బెదురు తక్కువ. ఇది రక్తంలో వచ్చిన గుణమేమోనని పిల్లలను తల్లుల మధ్య మార్చి చూశారు. వాటికి పెంచిన తల్లి పోలికే వచ్చింది! 2004లో కారణం కూడా చూపారు. ఒత్తిడిని అదుపు చేయడానికి తోడ్పడే ఒక జన్యువు మీద, దాని పనిని తగ్గించే మిథైల్ అనే రసాయన గుర్తులు తల్లి బాగా నాకిన పిల్లల్లో తక్కువ. జన్యువు అదే, పనిచేసే తీరు మారింది.

మరి మనుషుల్లో? రొమేనియాలో నియంత చౌషెస్కు పాలన 1989లో కూలేనాటికి శిశు సంరక్షణాలయాలు కిక్కిరిసి ఉన్నాయి. తర్వాత రాజధాని బుకారెస్ట్‌లో పరిశోధకులు అలాంటి చోట్ల ఉన్న 136 మంది పసివాళ్లలో సగం మందిని, చీటీలు తీసినట్లు ఎంచి, పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. ఆ సంరక్షణాలయాల్లో వరుసగా ఊచల మంచాలు, గది నిండా పసివాళ్లు, ఏడుపు మాత్రం వినిపించదు. ఏడ్చినా ఎవరూ రారని వాళ్లకు అర్థమైపోయింది. ఆ నిశ్శబ్దం గురించి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

రెండేళ్లలోపు కుటుంబం దొరికిన పిల్లల మెదడు తరంగాలు ఎనిమిదేళ్లకు మామూలు పిల్లల తరంగాలకు దగ్గరగా వచ్చాయి.

ఇదే పిల్లల జన్యువులనూ పరిశీలించారు. ముక్కూమొహం తెలియని వాళ్ల వెంట కూడా వెళ్లిపోయే అలవాటు సంరక్షణాలయాల పిల్లల్లో ఎక్కువ. మెదడులో కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన ఒక జన్యువు, మెదడు ఎదుగుదలకు తోడ్పడే మరొకటి ఒక ప్రత్యేక రూపంలో ఉన్న పిల్లల్లో, సంరక్షణాలయంలోనే మిగిలినవారికి ఈ అలవాటు అందరికన్నా ఎక్కువ. అవే జన్యువులతో కుటుంబంలో పెరిగినవారికి అందరికన్నా తక్కువ. చూసింది కొద్దిమంది పిల్లలనే కాబట్టి దీన్ని తుది మాటగా చెప్పను. కానీ మనం “చెడ్డ పోలిక” అనే బిడ్డే ఆదరణకు అందరికన్నా బాగా స్పందించే బిడ్డ కావచ్చు.

టీచర్లకు ఒక విన్నపం. ఈ నెల బరువు తూచేటప్పుడు, ఇంట్లో రోజూ బిడ్డతో మాట్లాడేది ఎవరో అడగండి. తల్లి కూలికి వెళ్తే నాయనమ్మో, అమ్మమ్మో ఉంటారు. వచ్చే నెల ఆమెను కూడా కేంద్రానికి పిలవండి.