పొటోసీ కొండ కింద ఎవరున్నారు?

సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. పిలిచిన భూగోళశాస్త్ర విభాగానికి కృతజ్ఞతలు. నాకిచ్చిన అంశం దక్షిణ అమెరికా దేశం ‘బొలీవియా - భౌగోళిక, ఆర్థిక పరిస్థితులు’. మ్యాపుతో మొదలుపెడతాను గానీ, నేను చెప్పాలని వచ్చింది గని కార్మికుల గురించి.

పడమట రెండు ఆండీస్ పర్వత శ్రేణులు, వాటి నడుమ ఆల్టిప్లానో అనే ఎత్తైన పీఠభూమి. లా పాజ్ నగరం దాదాపు 3,600 మీటర్ల ఎత్తున ఉంది. తూర్పున మైదానాలు, అడవులు. దేశంలో సగానికి పైగా అవే. శాంటా క్రూజ్ వైపు సోయా కోసం, పశువుల కోసం ఆ అడవులు తగలబడుతున్నాయి. సముద్రం లేదు. 1879లో చిలీతో మొదలైన యుద్ధంలో తీరమంతా పోయింది. ఆ సంగతికి ఇంకో సభ కావాలి.

పొటోసీ అనే ఊరికి వద్దాం. 1545లో అక్కడి సెర్రో రీకో కొండలో వెండి దొరికింది. కొన్ని దశాబ్దాల్లోనే అది లక్షకు పైగా జనమున్న నగరమైంది. తవ్వింది ఎవరు? స్పెయిన్ పాలకులు ‘మీతా’ పేరుతో ఊళ్ళ మీద వంతులు వేశారు. ఏడుగురు మగవాళ్ళలో ఒకరు గనికి రావాల్సిందే. వెండి ఓడలెక్కింది, తవ్వినవాళ్ళు అక్కడే ప్రాణాలు వదిలారు. మన పాఠ్యపుస్తకంలో ‘బొలీవియా: వెండి, తగరం’ అని ఒక్క లైను ఉంటుంది. పిల్లలు అది బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. నాకు బాధ అక్కడే.

తర్వాత తగరం వచ్చింది. మూడు కుటుంబాల చేతిలో ఉన్న గనుల్ని 1952 విప్లవం జాతీయం చేసింది. కానీ సైనిక ప్రభుత్వాలు వచ్చాయి. 1967 జూన్‌లో, సాన్ హువాన్ పండుగ తెల్లవారుజామున, గని వాడల మీద సైన్యం కాల్పులు జరిపింది.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా వినండి, ముఖ్యంగా ఆడపిల్లలు. 1977 డిసెంబర్ చివర్లో నలుగురు గని కార్మికుల భార్యలు పిల్లల్ని వెంటబెట్టుకుని లా పాజ్ వెళ్ళి నిరాహార దీక్షకు కూర్చున్నారు. భర్తల ఉద్యోగాలు పోయాయి. ప్రవాసంలో ఉన్నవాళ్ళని రానివ్వాలి, తీసేసినవాళ్ళని పనిలోకి తీసుకోవాలి, గనుల నుంచి సైన్యం వెళ్ళిపోవాలి అన్నారు. ఎదురుగా ఉన్నది 1971లో సైనిక కుట్రతో గద్దెనెక్కిన జనరల్ బాన్సర్. నలుగురు ఆడవాళ్ళు ఏం చేస్తారని అందరూ అనుకున్నారు. పిల్లలకు బదులు మేం కూర్చుంటామంటూ ఇంకొందరు వచ్చారు. వాళ్ళలో సిగ్లో వెయింటే గని వాడకు చెందిన గృహిణుల సంఘం నాయకురాలు దొమితిలా ఉంది. ఊరూరా దీక్షలు లేచాయి, వెయ్యిమందికి పైగా కూర్చున్నారు. జనవరిలో బాన్సర్ లొంగాడు. అదే ఏడాది జులైలో గద్దె దిగాడు. నలుగురు ఆడవాళ్ళమ్మా! ఈ కథ ఎక్కడ మాట్లాడినా చెబుతాను, చెబుతూనే ఉంటాను.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. ఐదు నిమిషాలు ఇవ్వండి.

1985లో తగరం ధర కుప్పకూలింది. ప్రభుత్వ గనుల్లో 20,000 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. కొందరు లా పాజ్ పక్కనున్న ఎల్ ఆల్టో చేరారు, కొందరు చపారే అనే అడవి ప్రాంతానికి వెళ్ళి, కొకైన్ తయారీకీ వాడే కోకా ఆకు పండించారు. సెర్రో రీకోలో మాత్రం సహకార సంఘాల పేరుతో ఈరోజుకీ తవ్వుతున్నారు. ఆ దుమ్ముకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చి నడివయసులోనే పోతున్నారు.

ఇక బ్యాటరీల్లో వాడే లోహం, లిథియం. ఉయునీ ఉప్పు మైదానం 10,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. దాని అడుగున ఉన్న ఉప్పునీళ్ళలో లిథియం ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద నిల్వలున్న దేశాల్లో బొలీవియా ఒకటి. చైనా, రష్యా కంపెనీలతో ఒప్పందాలు కుదిరితే, ఆ ప్రాంతపు మూలవాసులైన క్వెచువా ఊళ్ళవాళ్ళు అడ్డుచెప్పారు. మమ్మల్ని అడగలేదు, మా నీళ్ళ సంగతేంటి అంటున్నారు. ఎండనేలలో కినోవా పండించి, లామాలు మేపుకుని బతికేవాళ్ళు వాళ్ళు.

ఇక్కడున్న ఎమ్మే విద్యార్థులూ, లిథియం మీద ప్రాజెక్టు రాసేటప్పుడు నిల్వల టన్నులు రాసి ఊరుకోకండి. ఆ ఊళ్ళ పేర్లు వెతకండి, వాళ్ళ బావుల్లో నీళ్ళు ఏమవుతాయో ఒక అధ్యాయం రాయండి. మాస్టార్లు కూడా దానికి మార్కులు వెయ్యాలి. ప్రశ్నలుంటే అడగండి.